అడగకుండా చెప్పిన కృతజ్ఞతలు

మా కాలేజీలో ఒక మాట స్థిరపడిపోయింది. "పాత స్టాటిస్టిషియన్ లెక్క తప్పు చేశాడు, అందుకే పంపించేశారు" అని. ఆయన్ని ఎన్నడూ చూడని వాళ్లు కూడా క్యాంటీన్లో ఆ మాట అనుకుంటుంటే విన్నాను. విని, ప్లేటు తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆ మాట పుట్టింది నా నోట్లోంచి. ఆయన ఏ లెక్కా తప్పు చేయలేదు. తప్పు చేసింది నేను. అది తప్పని నాకు ముందుగా చెప్పిన ఒకే ఒక్క మనిషి ఆయన. ఆ సంగతి తెలిసిన వాళ్లు చాలాకాలం మేమిద్దరమే. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఇందులో పేర్లు ఉండవు. ఎందుకు ఉండవో దాని చోట చెబుతాను.

నేను ఫిజియాలజీ చెప్పే డాక్టర్ని. మాది తెనాలి వైపు. శంషాబాద్ దాటాక ఉన్న ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో చేరి పదేళ్లు దాటింది. మా ఆవిడది ఖమ్మంలో ప్రభుత్వోద్యోగం. బదిలీ వస్తుందని మొదట్లో ఇద్దరం ఎదురుచూశాం. ఆ తరవాత ఆ మాట ఎత్తడం మానేశాం. పిల్లలు లేరు. అత్తాపూర్‌లో నేను ఒక్కణ్నే ఫ్లాటులో ఉంటాను. ఎవరైనా అడ్రసు అడిగితే ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు చెబుతాను. అడిగేవాళ్లు కూడా ఎక్కువగా కొరియర్ వాళ్లే.

వార్డుల్లో పనిచేసే డాక్టర్లకు రోగులుంటారు. నయమై వెళ్లినవాళ్లు ఏడాది తరవాత మిఠాయి డబ్బా పట్టుకుని వస్తారు. ఫిజియాలజీ వాడికి అలాంటిదేమీ ఉండదు. మాకున్నది మొదటి సంవత్సరం పిల్లలే. ఏడాది తిరగ్గానే వాళ్లు పై అంతస్తులకు వెళ్లిపోతారు. లిఫ్టులో కనిపిస్తే నవ్వుతారు, లిఫ్టు ఆగగానే దిగిపోతారు.

స్టాటిస్టిషియన్ గది కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో, మ్యూజియం పక్కన ఉండేది. సీసాల్లో పప్పులు, అట్టతో చేసిన దోమ, మరుగుదొడ్డి నమూనా దాటుకుని వెళితే ఆఖర్న ఒక చిన్న తలుపు. ఆయన శంషాబాద్ పాత ఊళ్లో పుట్టి పెరిగిన ముస్లిం. గణాంకశాస్త్రం చదివాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. డాక్టర్ కాదు. మా కాలేజీలో ఈ చివరి వాక్యానికి చాలా బరువుంది. భోజనాల హాల్లో డాక్టర్ల బల్లలు వేరు, "నాన్ మెడికల్" వాళ్ల బల్ల వేరు. ఎవరూ బోర్డు పెట్టలేదు. అయినా చేరిన మొదటి రోజే ఎవరి బల్ల ఏదో అందరికీ తెలిసిపోతుంది.

థీసిస్‌లు ఇచ్చే నెలలో ఆయన గది ముందు పీజీ విద్యార్థులు వరస కట్టేవాళ్లు. ఏడాదో రెండేళ్లో వార్డుల్లో అంకెలు పోగేసి, చివరి వారంలో ఆయన ముందు పోసి, "సార్, పి వాల్యూ తెప్పించండి" అని అడిగేవాళ్లు. కనబడిన తేడా ఏదో కాకతాళీయంగా వచ్చింది కాదని చెప్పడానికి పనికొచ్చే సంఖ్య అది. అది చిన్నదిగా వస్తే పండగ. పెద్దదిగా వస్తే తప్పు ఆయనది.

"డాక్టర్లకు నేను ఆఖరి స్టాపు," అనేవాడు. "బస్సు ఎటు పోయిందో అడగరు. టికెట్ మీద ముద్ర గుద్దుమంటరు."

ఇంటి నుంచి ఫ్లాస్కులో చాయ్ తెచ్చుకునేవాడు. ఒకసారి ఏదో పని మీద వెళితే నాకూ ఒక కప్పు పోశాడు. ఆ మర్నాడు పని లేకుండానే వెళ్లాను. ఆ తరవాత మధ్యాహ్నం మూడింటికి ఆయన గదికి వెళ్లడం నాకు రోజువారీ అయిపోయింది. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ని. ఆయన నన్ను డాక్టర్ సాబ్ అనేవాడు. ఆ "సాబ్"లో గౌరవం సగం, వెక్కిరింత సగం.

ఒక ఏడాది పాల్మాకులలో బీపీ సర్వే చేస్తూ, డాక్టర్లు చాలక నన్నూ తీసుకుపోయాడు. ఇంటింటికీ తిరిగి కొలిచేసరికి చాలా ఇళ్లకు తాళాలున్నాయి. వెంట వచ్చిన మెడికల్ విద్యార్థులు ఆ ఇళ్లు వదిలేసి పక్క ఇళ్లలో కొలిచేశారు. కాగితాల్లో ఖాళీలు లేవు, పని అయిపోయిందని బస్సెక్కాం. ఆయన ఎక్కలేదు.

"తాళమేసినోళ్లు యాడికి పోయిన్రు?" అని అడిగాడు.

"పనికి పోయుంటారు భాయ్. ఎయిర్‌పోర్టులో, గోడౌన్లలో."

"అంటే పనికి పోయేటోళ్లను ఇడిసిపెట్టి, ఇంట్ల కూసున్నోళ్లను కొలిచినం. ఇగ ఈ ఊరికి బీపీ ఎంతుందని రాస్తవ్ డాక్టర్ సాబ్? ముసలోళ్ల ఊరని రాస్తవా?"

ఆ ఆదివారం ఇద్దరం మళ్లీ వెళ్లి తాళం తీసిన ఇళ్లన్నీ తిరిగాం. అంతకుముందు ఎన్ని ఆదివారాలు నాకు అంత తొందరగా గడిచాయో లెక్కపెట్టుకుంటే రెండు చేతుల వేళ్లు అక్కర్లేదు.

ఇక నా తప్పు.

మొదటి సంవత్సరం పిల్లలకు ఫిజియాలజీ లెక్చరుగా చెబితే సగం మంది నిద్రపోతారు. మేలుకున్నవాళ్లు రాసుకుంటారే గాని ఆలోచించరు. అందుకని ఒక ఏడాది కొత్త పద్ధతి మొదలుపెట్టాను. పదిమందిని ఒక గుంపుగా కూర్చోబెట్టి, ఎండలో పనిచేస్తూ కళ్లు తిరిగి పడిపోయిన ఒక కూలీ కథ ఇచ్చి, ఆ ఒంట్లో అప్పుడు ఏం జరిగిందో వాళ్లచేతే వెతికించడం. పద్ధతి మంచిదని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. నమ్మకం వేరు, రుజువు వేరు. నాకు రుజువు కావాలి, పత్రికలో అచ్చు కావాలి.

క్లాసును రెండు బ్యాచులు చేశాను. రోల్ నంబర్లలో మొదటి సగం ఎ బ్యాచ్, రెండో సగం బి బ్యాచ్. ప్రాక్టికల్స్‌కు ఎప్పుడూ అలాగే విడదీస్తాం, టైమ్‌టేబుల్ కూడా అలాగే ఉంటుంది. ఎ బ్యాచ్‌కు కొత్త పద్ధతి, బి బ్యాచ్‌కు పాత లెక్చరు. ఏడాది చివర్న రెండు బ్యాచులకూ ఒకే పరీక్ష. ఎ బ్యాచ్ చాలా ముందుంది. ఇదంతా అయ్యేదాకా, రోజూ మూడింటికి ఆయనతో చాయ్ తాగుతూ కూడా, ఈ విషయంలో ఆయన్ని ఒక్క మాట అడగలేదు. అడగాలని తోచలేదు. మా డాక్టర్ల అలవాటే అంత. పని మనది, చివర్లో అంకెలు ఆయనవి.

మార్కులు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లాను.

"ఏంది డాక్టర్ సాబ్, మొకం ఎలిగిపోతుంది. బేగంకు ట్రాన్స్‌ఫర్ అయ్యిందా?"

"అంతకంటే మంచి కబురు. చూడు."

కంప్యూటర్లో కిందికీ పైకీ చూశాడు. "మస్తున్నయ్. బ్యాచులు ఎట్ల జేసినవ్?"

"రోల్ నంబర్లతో. నేనెవర్నీ ఏరలేదు."

"రోల్ నంబర్లు ఎవరిచ్చిన్రు?"

"ఆఫీసు."

"ఎట్లిచ్చిన్రు?"

ఆ సంగతి నాకు తెలుసు. మా కాలేజీలో రోల్ నంబర్లు అక్షరాల వరసలో ఉండవు, చేరిన వరసలో ఉంటాయి. మొదట కన్వీనర్ కోటా వాళ్లు చేరతారు. ఎంట్రన్సులో మంచి ర్యాంకులు వాళ్లవి. మేనేజ్‌మెంట్ కోటా సీట్లు ఆ తరవాత నిండుతాయి. చివరి నంబర్లు వాళ్లకు వస్తాయి. అంటే నా ఎ బ్యాచ్ కొత్త పద్ధతి పెట్టకముందే ముందుంది.

"మంచి ర్యాంకులోళ్లను ఒక దిక్కు కూసోబెట్టినవ్," అన్నాడు ఆయన. "ఆళ్లకు నువ్వు పాఠం చెప్పకుండ పాట పాడినా ముంగటనే ఉంటరు."

"ర్యాంకు తేడా తీసేసి లెక్కవేయొచ్చుగా? మీ శాస్త్రంలో దానికి ఏదో పద్ధతి ఉంటుంది కదా."

"ర్యాంకు ఒక్కటేనా? ఒగడు రెండేండ్లు కోచింగ్ తీసుకున్నడు, ఒగడు తీసుకోలే. ఒగనికి ఇంట్ల చెప్పేటోడుండు. నాకు తెల్వనియి నేనెట్ల తీసేస్త? స్లాబు పోసినంక మేస్త్రిని పిలిచి పిల్లర్లు యాడ పెడదామంటే ఏం చెప్తడు డాక్టర్ సాబ్?"

"మరి ఏం చేయమంటావు?"

"ఇంకో ఏడు ఆగు. క్లాసులు షురువయ్యే ముందుగాల చీటీలెయ్యి. ఎవరు ఏ బ్యాచో చీటీ చెప్పాలె, ఆఫీసు కాదు. అప్పుడు నేను గూడ నీ పక్కన కూసుంట, మొదటిసంది. దీని మీద మాత్రం నా చెయ్యి పడది."

పెన్‌డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టాడు. కోపంగా కాదు. పిల్లవాడి చేతిలోంచి కత్తెర తీసుకున్నంత నెమ్మదిగా.

ఒక ఏడాది ఆగితే సరిపోయేది. ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూ దగ్గర్లో ఉంది, అచ్చయిన పేపర్లు చూపాలి. ఆ కారణం నిజమే, కాని అదొక్కటే కాదు. ఎ బ్యాచ్ మార్కుల సంగతి అప్పటికే కాలేజీలో పాకింది. ప్రిన్సిపాల్ అందరి ముందు మెచ్చుకున్నారు. భోజనాల దగ్గర సర్జరీ వాళ్లు, మెడిసిన్ వాళ్లు "ఇటు రండి, ఏం చేశారో చెప్పండి" అని కుర్చీ జరిపేవాళ్లు. ఆ నెల రోజులూ నేను ఒంటరిగా కూర్చుని భోంచేయలేదు. అది పోగొట్టుకోవడం నా వల్ల కాలేదు.

ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్‌తో లెక్క నేనే వేసుకున్నాను. పి వాల్యూ కావలసినంత చిన్నగా వచ్చింది. పేపర్లో "విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు బ్యాచులుగా విభజించాం" అని రాశాను. ఆ వాక్యాన్ని కూడా మిగతా వాక్యాల్లాగే మామూలుగానే రాశాను. చివర్న, గణాంక విశ్లేషణలో సహకరించినందుకు కృతజ్ఞతలు అని ఆయన పేరు వేశాను. స్టాటిస్టిషియన్ చూశాడంటే పత్రికల వాళ్లు ఎక్కువ ప్రశ్నలు వేయరు. నాకు నేను మాత్రం, ఆయనకు గౌరవం చేస్తున్నానని చెప్పుకున్నాను. పాపం, డాక్టర్లెవరూ ఆయన పేరు ఎక్కడా వేయరు కదా అని.

పేపర్ అచ్చయింది. ఆయనకు ఎవరు చూపించారో తెలియదు. మూడింటికి వెళ్లేసరికి ఆ పేజీ ప్రింటు తీసి బల్ల మీద పెట్టుకుని ఉన్నాడు.

"నన్నడగకుండ నాకు థాంక్స్ చెప్పినవ్. ఏం జేసినందుకు?"

"మర్యాదగా ఉంటుందని భాయ్."

"నేన్ జెప్పింది ఇంటే అది మర్యాద."

నాకు చాయ్ పోశాడు. తన కప్పులో పోసుకోలేదు. నేను వేడివేడిగా తాగేసి లేచాను. మర్నాడు వెళ్లలేదు. ఆ మర్నాడు వెళ్లాను గాని, మాటలు వాతావరణం దగ్గరే ఆగిపోయాయి.

నన్ను ప్రొఫెసర్ని చేశారు. కొత్త పద్ధతి క్లాసు మొత్తానికి పెట్టారు. అది పెట్టాక, వెనకబడిన వాళ్లకు సాయంత్రం జరిగే రివిజన్ క్లాసులు అనవసరమని నేనే తీసేయించాను. ఆ క్లాసుల అవసరం ఎక్కువగా చివరి రోల్ నంబర్ల పిల్లలది. తరవాతి ఏళ్లలో నా సబ్జెక్టులో తప్పినవాళ్లు ఎక్కువగా వాళ్లే. ఇది కూడా ఈ లెక్కలోకే వస్తుంది కాబట్టి చెబుతున్నాను.

కొన్నాళ్లకు కమ్యూనిటీ మెడిసిన్‌కు కొత్త హెడ్‌గా ఒక ఎపిడమియాలజిస్టు వచ్చారు. ఒక రోగం ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు, ఎందుకు రాదు అని జనంలో వెతికే విద్య ఆమెది. విజయనగరం వైపు మనిషి. గొంతు ఎప్పుడూ పెంచరు. రీసెర్చ్ కమిటీ మొదటి సమావేశంలో నా పేపర్ ఆమె చేతిలో ఉంది.

"ఇక్కడ రోల్ నంబర్లు ఎలా ఇస్తారండీ?" అని అడిగారు, ఎవర్నీ చూడకుండా.

ఆఫీసు సూపరింటెండెంటు చెప్పాడు. "అడ్మిషన్ వరసల మేడమ్. ముందుగాల కన్వీనర్ కోటా."

"ఈ పేపర్లో లాటరీ అని ఉంది. నేను బ్యాచుల జాబితా తెప్పించుకుని చూశానండీ. మొదటి సగమంతా ఒక బ్యాచే వచ్చింది. లాటరీలో అలా రాదు కదా."

ప్రిన్సిపాల్ నావైపు తిరిగారు. "ఏంటిది డాక్టర్?"

"స్టాటిస్టిషియన్ చూశారు సార్," అన్నాను. "బ్యాచుల విభజన, విశ్లేషణ ఆయనే సరిచూశారు. పేరు కూడా వేశాం."

ఆయన ఆ గదిలోనే ఉన్నాడు. బల్ల చుట్టూ డాక్టర్ల కుర్చీలు, గోడవారగా మిగతావాళ్ల కుర్చీలు. అందరూ గోడవైపు తిరిగారు. ఆయన నన్ను ఒక్కణ్నే చూశాడు.

"ఏమయ్యా, నిజమేనా?" అన్నారు ప్రిన్సిపాల్.

"సార్ చెప్పిన్రు గద," అన్నాడు ఆయన. "రాసుకోండ్రి."

రాసుకున్నారు. ఆయనకు మెమో ఇచ్చారు. ఫైల్లో "విశ్లేషణలో నిర్లక్ష్యం" అని ఎక్కింది. ఏడాది చివర్న కాంట్రాక్టు పొడిగించలేదు. పేపర్ సంగతి పైకి పొక్కితే కాలేజీకి చెడ్డపేరని దాన్ని అలాగే వదిలేశారు. ఆయన వెళ్లిన రోజు నేను సెలవు పెట్టాను. వేరే రెండు కాలేజీల్లో ఉద్యోగానికి ప్రయత్నించాడని, వాళ్లు ఇక్కడికి ఫోన్ చేసి కనుక్కుని వద్దన్నారని తరవాత విన్నాను.

అప్పటినుంచి మూడింటికి ఏం చేయాలో తెలిసేది కాదు. డాక్టర్ల బల్లల దగ్గర కుర్చీ జరపడం ఎప్పుడో ఆగిపోయింది. ఎవరికీ నామీద కోపం లేదు, పట్టింపే లేదు. ఆదివారాలు బస్సెక్కి ఎయిర్‌పోర్టుకు పోయేవాణ్ని. ఎవరూ వచ్చేది లేదు, నేను పోయేదీ లేదు. బయటికొచ్చే దారి దగ్గర, దుబాయ్ నుంచి వచ్చే తమ్ముడి కోసమో అల్లుడి కోసమో కారు నిండా జనం వచ్చి నిలబడే చోట, ఒక చాయ్ పట్టుకుని నిలబడేవాణ్ని. ఒకసారి ఒక పెద్దావిడ "మీవోళ్ల విమానం ఎన్ని గంటలకు బాపు?" అని అడిగింది. "లేటంట అమ్మా," అన్నాను. ఆవిడ జాలిపడి సకినాల సంచీ నా ముందుకు చాపింది. తీసుకున్నాను.

అలా రెండేళ్లు గడిచాయి.

ఒకరోజు మధ్యాహ్నం ఎపిడమియాలజిస్టు నా గదికి వచ్చారు. చిన్న గుంపుల పద్ధతి మీద మళ్లీ పరిశోధన చేయాలనుకుంటున్నామని, ఈసారి మొదటినుంచి సరిగ్గా చేద్దామని చెప్పారు.

"ప్రశ్న రాసేటప్పుడే స్టాటిస్టిషియన్ పక్కన ఉండాలండీ. పాల్మాకుల సర్వే కాగితాలు చూశాను, మన పాతాయన చేసినవి. ఎవరు దొరకలేదో, ఎందుకు దొరకలేదో, ఎన్నిసార్లు వెళ్లారో అన్నీ రాసి పెట్టారు. అలాంటి మనిషి ఇదెలా చేశాడా అని నాకు అంతుపట్టలేదు. ఆయన్నే పిలుద్దామంటే ప్రిన్సిపాల్ గారు ఫైలు చూపించారు. ఆ మాట ఉన్నంతవరకు కుదరదన్నారు."

చెప్పడానికి అంతకంటే సులువైన సమయం దొరకదు. నేను "అవునా" అన్నాను. ఆమె కాసేపు కూర్చుని వెళ్లిపోయారు.

మర్నాడు ఉదయం ఆమె గదికి నేనే వెళ్లాను. నిలబడే అంతా చెప్పాను. ఆయన ఏమన్నాడో, నేనేం రాశానో, సమావేశంలో ఏం చెప్పానో. ఆమె మధ్యలో ఆపలేదు.

"నాకు చెబితే ఏం లాభమండీ?" అన్నారు చివరికి. "రాసివ్వండి. పత్రికకు ఒకటి, ప్రిన్సిపాల్‌కు ఒకటి. ముందు ఆయనకు చూపించండి."

ఉత్తరం రాయడానికి పదిహేను రోజులు పట్టింది. ఒక ఆదివారం పొద్దున శంషాబాద్ పాత ఊళ్లో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. అన్నేళ్ల స్నేహంలో ఒక్కసారి కూడా ఆ ఇంటికి వెళ్లలేదని గుమ్మం ముందు నిలబడ్డాక గాని నాకు తట్టలేదు. ఆయన భార్య తలుపు తీసి, "కౌన్ జీ?" అని అడిగింది. నేను చెప్పేలోపు లోపలినుంచి ఆయన గొంతు, "కాలేజీ సారు. రానియ్" అంది.

బుద్వేల్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. మంచం మీద దిద్దుతున్న పేపర్ల కట్ట ఉంది. చేతిలో ఎర్ర పెన్ను అలాగే ఉంచుకుని నా ఉత్తరం తీసుకున్నాడు. నెత్తి మీంచి విమానం పోయింది. అది పోయేదాకా ఇద్దరం ఆగాం. ఆ ఊళ్లో ఎవరింట్లోనైనా మాట అలా ఆగుతుంది. ఆ తరవాత చదివాడు. ఒక వాక్యం దగ్గర పెన్ను ఆగింది.

"గణాంక పద్ధతులపై అవగాహన లోపం వల్ల పొరపాటు జరిగినది," అని పైకి చదివాడు. "లోపం నీకెక్కడుంది? నేన్ జెప్పిన గద. కూసోబెట్టి చెప్పిన."

"అవును."

"మరి తెల్వక జేసిన అని రాస్తవేంది? తెలిసి జేసిన అని రాయ్."

"అలా రాస్తే నా పోస్టు ఉండకపోవచ్చు భాయ్."

"నా పోస్టు పోయిన్నాడు గిట్లనే లెక్కేసినవా?"

ఆ వాక్యం మీద ఎర్ర గీత గీసి కాగితం నా ఒళ్లో పెట్టాడు. అక్కడే, ఆయన పెన్నుతోనే, గీత పైన రాశాను. స్టాటిస్టిషియన్ ముందే హెచ్చరించారు, తెలిసీ నేను అబద్ధం రాశాను, ఆయన అనుమతి లేకుండా ఆయన పేరు వాడాను అని. ఆయన మళ్లీ చదివి తల ఊపాడు. పిల్లల పేపరు దిద్దినట్టే.

"ఆ రోజు ఎందుకు మాట్లాడలేదు?" అని అడిగాను.

"డాక్టర్ మాట ముంగట నా మాట ఎవడింటడు?" అన్నాడు. పేపర్ల కట్ట సర్దుతూ, "అది గూడ కాదు. నువ్వే చెప్తవేమో అని చూసిన. ఆ రోజు చెప్తవనుకున్న. తెల్లారి చెప్తవనుకున్న. చానా రోజులు చూసిన."

మాఫీ చేయమని అడిగాను. ఆయన ఉత్తరం మడిచి నా చేతికిచ్చాడు.

"పత్రికకు రాసేదాంట్ల నా పేరు పెట్టు. యాడ ఖరాబైందో ఆడనే సాఫ్ గావాలె. ఇంకెక్కడన్న రాసుకుంటే మాత్రం పెట్టకు. నీ మనసు తేలిక జేసుకునేటందుకు నా పేరెందుకు?" అన్నాడు. తరవాత గడియారం చూసి, "ట్యూషన్ పిల్లలొస్తరు," అన్నాడు.

ఉత్తరం రెండు చోట్లకూ పంపాను. తరవాతి సమావేశంలో లేచి పైకి చదివాను. "ఇదంతా ఇప్పుడెందుకు డాక్టర్?" అన్నారు ప్రిన్సిపాల్. అనాటమీ ఆయన ఫోను చూసుకుంటున్నాడు. కాసేపటికి వాళ్లు తరవాతి అంశంలోకి వెళ్లిపోయారు. పత్రిక వాళ్లు పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు, కారణం ఆయన పేరుతో సహా అచ్చువేశారు. ఫైల్లో ఆ మాట కొట్టివేసి, పక్కన ప్రిన్సిపాల్ సంతకం పెట్టారు. అది కళ్లతో చూసి వచ్చాను. నా పోస్టు మీద విచారణ ఇంకా తేలలేదు. క్యాంటీన్లో మాత్రం ఆ పాత మాట ఇంకా వినిపిస్తుంది. కాగితం మీద కొట్టేసినంత తొందరగా నోళ్లలోంచి పోదు. ఇప్పుడు వినబడితే ప్లేటు తీసుకుని ఆ బల్ల దగ్గరికే వెళ్లి, అలా కాదు అని చెబుతాను. చెప్పాక వాళ్లు తొందరగా లేచిపోతారు.

ఈ ఏడు కొత్త క్లాసు చేరాక పరిశోధన మొదలైంది. ఎపిడమియాలజిస్టు, ఆయన, ఇద్దరూ ప్రధాన పరిశోధకులు. బుద్వేల్‌లో పొద్దున క్లాసు చెప్పి ఆయన ఆటోలో వస్తాడు. ఉద్యోగంలో మళ్లీ చేరమంటే వద్దన్నాడట, ఈ పని వరకే వస్తానన్నాడట. లాటరీ రోజున లెక్చర్ హాలుకు నేనూ వెళ్లాను. బల్ల మీద స్టీలు డబ్బా, ఒకే కొలతకు కత్తిరించి ఒకే తీరుగా మడిచిన చీటీలు. వెనక వరసలో కూర్చున్నాను.

"చివర్న పేపర్లు దిద్దేది ఎవరండీ?" అని ఎపిడమియాలజిస్టు అడిగారు. "రెండు బ్యాచుల క్లాసులు ఫిజియాలజీలో మిగతా ఇద్దరు టీచర్లు తీసుకుంటున్నారు కదా."

ఆయన వెనక వరసలోకి చూశాడు.

"ఆ సారును దిద్దనియ్యండ్రి మేడమ్. దిద్దుడు మంచిగ దిద్దుతడు." తరవాత నాతో, "గట్లయితే మీరు ఈడ ఉండొద్దు సార్. ఎవరు ఏ బ్యాచో దిద్దేటోళ్లకు తెల్వొద్దు. జర బయటికి పోండ్రి."

లేచాను. పిల్లలు దారి ఇచ్చారు. నా వెనక ఎవరో తలుపు వేశారు. లోపల ఆయన ఏదో అన్నాడు, పిల్లలంతా నవ్వారు. ఏమన్నాడో తెలియలేదు. కాసేపటికి చీటీలు విప్పి పేర్లు చదవడం మొదలైంది. తలుపు సందులోంచి మొదటి అక్షరాలు అందుతున్నాయి. అక్కడ నిలబడకూడదు. కారిడార్ దాటి, మెట్లు దిగి, కింది అంతస్తులో నా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, అది పూర్తయ్యేదాకా కూర్చున్నాను.